కాలినడకన చూడాలంటే బరంపురమా, పర్లాకిమిడా?

ఒడిశా సరిహద్దులో తెలుగువాళ్లకు బాగా దగ్గరైన పాత చదువుల ఊళ్లు రెండున్నాయి. ఒకటి గంజాం జిల్లాలో బరంపురం, రెండోది గజపతి జిల్లాలో పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. రెంటిలోనూ నూరేళ్లు దాటిన కళాశాలలున్నాయి, రాజుల పేర్లున్నాయి, బజారులో తెలుగు వినపడుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి శనివారమో ఆదివారమో బయల్దేరేవాళ్లకు చేతిలో సాధారణంగా ఒక్క రోజే ఉంటుంది. ఆ ఒక్క రోజు ఏ ఊరికి ఇవ్వాలన్నదే ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాం. ఒక ఊరిని ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచి, సాయంత్రానికి దాని రూపం మనసులో పట్టాలంటే పర్లాకిమిడి. ఊరంతా కాకపోయినా ఫరవాలేదు, ఒక్క విషయాన్ని దగ్గరగా చూడాలి, కొంత కొనుక్కోవాలి, రైలు సౌకర్యం బాగుండాలి అంటే బరంపురం. బరంపురాన్ని మొత్తం నడిచి చూద్దామని బయల్దేరినవాళ్లు మధ్యాహ్నానికే ఆటో ఎక్కేస్తారు. ఊరు పెద్దదైపోయింది, చూడాల్సినవి ముక్కలుముక్కలుగా ఉన్నాయి. ఆ ముక్కల్లో ఒకటి ఎంచుకుని వెళ్లినవాళ్లే తృప్తిగా తిరిగొస్తారు.

ముందు మూడు తికమకలు

బరంపురం స్టేషన్‌లో దిగి ఆటో అతనితో "యూనివర్సిటీ" అన్నారంటే ఊరు దాటించి భంజవిహార్‌కు తీసుకుపోతాడు. బరంపురం విశ్వవిద్యాలయం అక్కడే ఉంది, గోపాలపురం వైపు, ఊరికి పది కిలోమీటర్లు దాటి. ఒడియా కవి ఉపేంద్ర భంజ పేరు మీద ఆ ప్రాంగణానికి భంజవిహార్ అని పేరు. 1967లో మొదలైంది. విశాలంగా, చెట్లతో, నిమ్మళంగా ఉంటుంది గానీ పాత ఊరు అందులో లేదు. మీరు వెతికే పాత చదువుల ఊరు ఖల్లికోట కళాశాల చుట్టుపక్కల ఉంది. అందుకని ఆటో ఎక్కగానే "ఖల్లికోట కాలేజీ" అనాలి. భంజవిహార్‌ను గోపాలపురం సముద్రానికి వెళ్లే దారిలో కలుపుకోవచ్చు, నడకలో మాత్రం కలపకండి.

రెండో తికమక టికెట్టు దగ్గర. పశ్చిమ బెంగాల్‌లో ముర్షీదాబాద్ జిల్లాకు కూడా ఒక బరంపురం ఉంది. దాని స్టేషన్ పేరు బర్హంపూర్ కోర్ట్. మన ఊరి స్టేషన్ ఇప్పుడు బ్రహ్మపూర్ అన్న పేరుతో, బి ఏ ఎం అన్న కోడ్‌తో కనపడుతుంది. ఫోన్‌లో టికెట్టు తీసేటప్పుడు పేరు మొదటి నాలుగక్షరాలు కొట్టి, వచ్చిన మొదటి ఊరిని నొక్కేస్తే ఈ పొరపాటు జరుగుతుంది. కోడ్ చూసి నొక్కండి.

మూడోది కళాశాలల పేర్లతో వచ్చేది. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్, 1937లో ఒడిశాకు మొదటి ప్రధానమంత్రి అయినవారు (అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను అలాగే పిలిచేవారు), ఆయన పేరు రెండు ఊళ్లలోనూ ఉంది. బరంపురంలో ఆయన పేరున ఉన్నది వైద్య కళాశాల, ఎమ్‌కేసీజీ, 1962 నాటిది. పర్లాకిమిడిలో ఉన్నది ఎస్‌కేసీజీ, పాత డిగ్రీ కళాశాల, 1896 నాటిది. బరంపురంలో "గజపతి కాలేజీ" అంటే ఆసుపత్రి గేటు దగ్గర దిగబెడతారు. మొదటి అక్షరం దగ్గరే జాగ్రత్త.

బరంపురం: మూడు బాటల్లో ఒకటి

మొదటిది చదువుల బాట. ఖల్లికోట కళాశాల దగ్గర మొదలుపెట్టి కొత్త, పాత పేటల మీదుగా పాత బస్టాండు వైపు రావడం. 1856లో పాఠశాలగా మొదలైన ఈ సంస్థ 1878లో కళాశాల అయింది, తర్వాత ఖల్లికోట రాజావారి విరాళంతో ఈ పేరు వచ్చింది. ఇప్పుడు ఖల్లికోట యూనిటరీ విశ్వవిద్యాలయం. పాత కళాశాల ప్రాంగణాలను చూసే పద్ధతి ఒకటుంది. ముఖద్వారం దగ్గర ఫొటో దిగి వచ్చేయకుండా వరండా వెడల్పు చూడండి, పైకప్పు ఎత్తు చూడండి, కిటికీ రెక్కలు ఎటు తెరుచుకుంటాయో చూడండి. సముద్రం మీది ఉక్కపోతను ఫ్యాన్లు లేని రోజుల్లో ఎలా తట్టుకున్నారో ఆ మూడూ చెబుతాయి. పాత భాగమేదో, తర్వాత కాంక్రీటుతో అతికించినదేదో అప్పుడు ఇట్టే తెలిసిపోతుంది.

ఈ బాటకు పనిదినం మంచిదా, సెలవు రోజు మంచిదా అంటే, పనిదినం. ఆదివారం గేటు దగ్గర కాపలా మనిషి తప్ప ఎవరూ ఉండరు, లోపలికి రానివ్వకపోవచ్చు. పనిదినాన గేటు దగ్గర ఏదో ఒక గుర్తింపు కార్డు చూపించి, ఎందుకొచ్చారో ఒక్క ముక్కలో చెప్పి, తరగతి గదుల వైపు వెళ్లకుండా వరండాల వరకే చూసి వస్తామంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. పరీక్షలు జరుగుతున్నప్పుడు మాత్రం అడగనే వద్దు. వాళ్లకు అది నిజమైన ఇబ్బంది. నాలుగో రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే, తెలుగు కుటుంబంలో. పిల్లలతో వెళ్తే నడక మొదలవకముందే ఆ సంగతి చెప్పండి, దారిలో ఆ పేరు వినపడ్డప్పుడు వాళ్లే గుర్తుపడతారు.

రెండోది మగ్గాల బాట. మా ఓటు దీనికే. బరంపురాన్ని పట్టు నగరమంటారు. ఆ మాట నిజమయ్యేది దుకాణంలో కాదు, నేతగాళ్ల వీధుల్లో. ఇక్కడి దేవాంగుల పూర్వీకులను మహురి రాజులు రాజమహేంద్రవరం వైపు నుంచి పిలిపించుకున్నారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఒడియాలో వాళ్లను దేరా అంటారు. దేశి బెహెరా వీధి, బుఢీ ఠాకురాణి గుడి పరిసరాలు ఈ బాటకు ప్రాణం. కుల పెద్దను దేశి బెహెరా అంటారు, వీధికి ఆ పేరు అలా వచ్చినదే.

ఇక్కడ పొద్దున్నే నడవాలి, ఎండ ఎక్కకముందే. పడుగు (బట్టలో నిలువు దారాలు) సాచే పని వీధిలో జరిగేది ఆ వేళే. ఎండ తగిలితే పట్టు దారం బిరుసెక్కి తెగుతుంది, గాలి లేస్తే చిక్కుపడుతుంది. ఏడు, ఏడున్నర లోపల అక్కడ ఉంటే పని చూడొచ్చు. తొమ్మిది దాటాక వెళ్తే మూసిన తలుపుల వెనక మగ్గం చప్పుడు మాత్రం వినపడుతుంది. మగ్గం ఇంట్లోనే ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లడమంటే ఒకరి ఇంట్లోకి వెళ్లడమే. గుమ్మం దగ్గర ఆగి, తెలుగులోనే పలకరించండి, చాలామందికి అర్థమవుతుంది. చెప్పులు బయట విప్పాలి. పడుగు మీద చెయ్యి వేయకూడదు. చేతి చెమట పట్టు మీద మరక చేస్తుంది. ఫొటో కావాలంటే "ఫొటో నెబి కి?" అని ఒడియాలో అడగండి, నవ్వుతూ తలూపుతారు. వాళ్లు నాడె (అడ్డు దారాన్ని అటూ ఇటూ నడిపే పనిముట్టు) విసురుతుండగా అడగొద్దు. ఒక వరుస పూర్తయి చెయ్యి ఆగినప్పుడు అడగండి.

బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు (జీఐ, ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర) ఉంది. చీర, దాంతోపాటు మగవాళ్ల ధోవతి, ఉత్తరీయం కలిపిన జోడు, రెండూ ఆ గుర్తింపు కిందికి వస్తాయి. చూడాల్సింది అంచు. గుడి గోపురాల్లాంటి త్రికోణాలు వరుసగా ఒంటి రంగులోకి చొచ్చుకుని నిలబడతాయి. వాటిని ఫొడ కుంభ అంటారు, మన వైపు కోటకొమ్ము అంచు అనే మాటకు దగ్గరిది. దాన్ని పరీక్షించడానికి చీరను తిరగేసి అంచూ ఒళ్లూ కలిసే గీత దగ్గర వేలు పెట్టండి. అంచుకు వేరే నాడె, ఒంటికి వేరే నాడె ఆడించి నేసిన దానిలో రెండు రంగుల పేకలు (అడ్డు దారాలు) ఆ గీత దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, అంచు రంగు చిక్కగా, కలగాపులగం కాకుండా ఉంటుంది. ఒకే నాడెతో నేస్తే ఒంటి పేక అంచు మీదుగా అవతలిదాకా పోతుంది. ఎర్ర అంచులో ఒంటి పచ్చదనం కలిసి మసకబారినట్టు కనపడుతుంది. వెలుగులో పట్టి చూస్తే ఇది ఐదు నిమిషాల్లో నేర్చుకునే విద్య. దారం నిజంగా పట్టేనా అన్న అనుమానమొస్తే చీర చివర వేలాడే పోగు ఒకటి అడిగి తీసుకుని కాల్చండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. కృత్రిమ దారమైతే కరిగి గట్టి పూస కడుతుంది. సిల్క్ మార్క్ చీటీ ఉంటే ఇంత తంటా అక్కర్లేదు.

బొమ్‌కాయ్ చీరను, బరంపురం పట్టునూ ఒకటిగా చూపించే దుకాణాలున్నాయి. బొమ్‌కాయ్ కూడా గంజాం జిల్లా ఊరి పేరే. కానీ అందం ఉండేది వేరే చోట. బొమ్‌కాయ్‌లో అదనపు పేకతో పైట మీద, అంచు మీద బొమ్మలు లేపుతారు. బరంపురం పట్టులో బలమంతా ఆ సాదా కోటకొమ్ముదే. బొమ్మలు నిండుగా ఉన్నదాన్ని "ఇదే బరంపురం పట్టు" అని చూపిస్తే పేరు మళ్లీ అడగండి.

ఈ వీధుల్లో రెండేళ్లకొకసారి చైత్రంలో ఠాకురాణి జాతర జరుగుతుంది. అమ్మవారిని ఆడపడుచుగా పుట్టింటికి తెచ్చుకున్నట్టు బుఢీ ఠాకురాణిని దేశి బెహెరా వీధిలోని తాత్కాలిక మందిరానికి తెస్తారు. మొక్కున్నవాళ్లు వేషాలు కట్టి తిరుగుతారు. దాన్ని చూడాలనే వెళ్తే వేరే సంగతి, మగ్గాల బాట నడవాలని వెళ్తే ఆ వారాలు వదిలేయండి. రాత్రిళ్లు ఆ వీధుల్లో మీరు నడవరు, జనం మిమ్మల్ని నడిపిస్తారు. జాతరకే వెళ్లేవాళ్లు సాయంత్రం నాలుగింటిలోపు చేరి, తిరిగి కలుసుకునే చోటు ఒకటి ముందే అనుకోవాలి. అంత గుంపులో ఫోన్ మాట వినపడదు.

మూడోది బజారు బాట. పెద్ద బజారు, పాత బస్టాండు, గేట్ బజారు. ఒడియావాళ్లు బడ బజార్ అంటారు. ఇది సాయంత్రపు నడక, రెండు గంటలు చాలు. అప్పడాలు, ఊరగాయలు, పట్టు, ఇత్తడి. బరంపురం అప్పడం కొనేటప్పుడు ఒకటి తీసి వంచండి. టప్పున విరిగితే బాగా ఎండినది, వంగిందంటే లోపల తడి ఉంది, ఇంటికెళ్లేసరికి బూజు పడుతుంది. వర్షాకాలంలో ఇది తప్పకుండా చూడాల్సిందే. ఊరగాయ గాజు సీసాలో వద్దు. రైలు కుదుపులకు మూత దగ్గర నూనె చిమ్ముతుంది, సంచి అడుగున పట్టు చీర ఉంటే ఇక అంతే సంగతులు. ప్లాస్టిక్ డబ్బా, దాని మీద ఒక కవరు, ఆ కవరు మీద ఇంకొకటి.

పర్లాకిమిడి: ఒక్క బాట చాలు

ఇక్కడ ఎంపిక ఇబ్బంది లేదు. కళాశాల, రాజభవనం, రథవీధి, మహేంద్రతనయ నది, కొమ్ము బొమ్మలు చేసే వీధి, ఇవన్నీ కాలినడకకు అందే దూరాల్లో ఉంటాయి. మధ్యాహ్న భోజనానికి గంట ఆగినా సాయంత్రానికి ఊరు ముగుస్తుంది. ఆటో అవసరం స్టేషన్ నుంచి ఊళ్లోకి, తిరిగి స్టేషన్‌కు మాత్రమే.

తెలుగువాళ్లకు ఈ ఊరితో బంధుత్వం గిడుగు రామమూర్తి గారి ద్వారా. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు, తర్వాత కళాశాలలో చెప్పారు. చుట్టుపక్కల కొండల నుంచి సంతకు దిగివచ్చే సవరలతో మాట్లాడుతూ వాళ్ల భాష నేర్చుకున్నారు, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పుస్తకాల్లో కూడా మాట్లాడే తెలుగే ఉండాలన్న పోరాటానికి ఆయన ఈ ఊరి నుంచే నడుం కట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని ఇవాళ తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు దాన్ని ఒప్పుకోలేక ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. డెబ్బై దాటిన వయసులో, అర్ధశతాబ్దం బతికిన ఊరిని. ఎస్‌కేసీజీ ప్రాంగణం ముందు నిలబడ్డప్పుడు ఆ సంగతి తెలిసి నిలబడడం వేరు, తెలియక నిలబడడం వేరు. అందుకే మొదట కళాశాల, తర్వాత రాజభవనం, ఈ వరుసలో నడవమంటాం. ఊరిని ఒడిశాలో కలపడం విషయంలో గిడుగు వారికి అవతలి పక్షాన ఉన్నది ఈ భవనంలోని రాజావారే, ఆయనకు బతుకుతెరువు ఇచ్చింది కూడా ఈ సంస్థానమే.

గజపతి రాజభవనాన్ని బయటి నుంచి తీరిగ్గా చూడొచ్చు. అది రాజకుటుంబపు ఆస్తి, మ్యూజియం కాదు. అనుమతి లేకుండా గేటు దాటకండి. ఉదయం కాస్త ముందు, లేదా సాయంత్రం నాలుగు తర్వాత వెళ్తే వెలుగు ఏటవాలుగా పడి కమానులు, గుమ్మటాలు బాగా కనపడతాయి. నడినెత్తిన సూర్యుడుంటే అంతా చదునుగా కనపడుతుంది. నది ఒడ్డున బృందావన భవనమని ఇంకొకటుంది, దాన్ని నది వైపు నడకలో కలుపుకోండి. మహేంద్రతనయ వంశధారకు ఉపనది. ఎండాకాలంలో ఇసుకే ఎక్కువ, వానాకాలంలో ఒడ్డు జారుతుంది. ఆ నెలల్లో నీటి అంచుదాకా దిగొద్దు.

కొమ్ము పని ఈ ఊరి ప్రత్యేకత. ఆవు, గేదె కొమ్ముకు నూనె రాసి సెగ చూపిస్తే మెత్తబడుతుంది. ఆ మెత్తదనం ఉన్న కొద్ది క్షణాల్లోనే వంచి ఆకారం తెస్తారు, చల్లారాక ఆకురాయితో రాసి నునుపు చేస్తారు. కొంగలు, రొయ్యలు, దువ్వెనలు, దేవుడి బొమ్మలు చేస్తారు. కొనేటప్పుడు వస్తువును వెలుగుకు అడ్డంగా పట్టండి. కొమ్ములో పొరలు, చారలు కనపడతాయి, పలచటి చోట తేనెరంగు వెలుగు దాటుతుంది. ప్లాస్టిక్‌లో అన్ని చోట్లా ఒకటే రంగు. రొయ్య మీసాలు, కొంగ ముక్కు లాంటి సన్నటి భాగాలు రైల్లో విరుగుతాయి, కాబట్టి బట్టలో చుట్టి అన్నం డబ్బా లాంటి గట్టిదానిలో పెట్టుకోండి. ఇంట్లో ఏడాదికి రెండుసార్లు కొబ్బరినూనె పలచగా రాస్తే పగుళ్లు రావు.

కొత్త విశ్వవిద్యాలయం ఇక్కడా ఊరి బయటే. సెంచూరియన్ విశ్వవిద్యాలయం 2010లో ఏర్పడింది, ఆర్. సీతాపూర్ దగ్గర అల్లూరినగర్‌లో ఉంది. అక్కడ చేరబోయే పిల్లలున్నవాళ్లకు తప్ప నడకలో దానికి చోటు లేదు.

కాస్త ఓపిక మిగిలితే పాతపట్నం. సరిహద్దుకు ఇవతల, నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, నీలమణి దుర్గ గుడి ఉన్న ఊరు. నడవగలిగేవాళ్లు పొద్దున్నే ఒకవైపు నడిచి, తిరుగు ప్రయాణానికి ఆటో ఎక్కుతారు. ఆ దారిలో నీడ తక్కువ, లారీలు ఎక్కువ. రెండో వైపు కూడా నడుద్దామనుకోకండి.

ఎండ, వాన, పొద్దు

నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం. అక్టోబరులో ఆకాశం చూసి మోసపోవద్దు, ఈ తీరానికి అది తుఫానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండలను వానతో ముంచెత్తింది. అక్టోబరులో వెళ్లాల్సివస్తే బయల్దేరే ముందు మూడు రోజులు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి, అల్పపీడనం మాట వినపడితే పర్లాకిమిడిని వాయిదా వేయండి. బరంపురం ప్రధాన రైలు మార్గం మీద, జాతీయ రహదారి మీద ఉంది, బయటపడడానికి దారులెక్కువ. పర్లాకిమిడికి ఒకే పట్టాల దారి.

పొద్దు లెక్క చాలామంది తప్పు వేసుకుంటారు. ఈ ఊళ్లు తూర్పున ఉన్నాయి కాబట్టి హైదరాబాదు కంటే దాదాపు 25 నిమిషాలు ముందే పొద్దు వాలుతుంది. డిసెంబరులో బరంపురంలో ఐదుంబావు ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు, ఐదున్నరకు నది ఒడ్డు ఫొటో రాదు. దానికి బదులు పొద్దు ముందే వస్తుంది. జూన్‌లో ఐదుంబావుకు వెలుగు వచ్చేస్తుంది. హైదరాబాదు అలవాటుతో ఎనిమిదింటికి బయల్దేరితే చల్లటి మూడు గంటలు పోయినట్టే.

నడక వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లని ఫోన్ చూపిస్తుంది. పాత వీధుల్లో ఆగి చూస్తూ నడిస్తే రెండు, రెండున్నరకు మించదు. మ్యాపులో ఎనిమిది కిలోమీటర్లు కనపడితే మూడున్నర, నాలుగు గంటలు అనుకోండి. నీళ్లు మనిషికి రెండు గంటలకు ఒక లీటరు, ఏప్రిల్, మే నెలల్లో అయితే అందులో ఉప్పు, పంచదార కలుపుకోండి. తీరపు ఉక్కలో చెమట ఆరదు, ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు తెలియకుండానే తల తిరుగుతుంది. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నరదాకా ఎక్కడో నీడపట్టున కూర్చోండి. పాత బజార్లలో చాలా దుకాణాలు కూడా ఆ వేళ తలుపులేసుకుంటాయి.

ఎవరితో వెళ్తున్నారు?

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే పర్లాకిమిడి. దూరాలు తక్కువ, కూర్చోడానికి చోటు దొరుకుతుంది. స్కూలు పిల్లలతో అయితే బరంపురం మగ్గాల బాట. వాళ్లు కదలని భవనాన్ని పది నిమిషాలు చూస్తారు, ఆడే మగ్గాన్ని గంట చూస్తారు. భాష, చరిత్ర చదువుకునే కుర్రవాళ్లకు సందేహం లేకుండా పర్లాకిమిడి. పెళ్లి పట్టు కొనాలని ఇంట్లో ఆడవాళ్లు కూడా వస్తే బరంపురం, పొద్దున నేతవీధి, సాయంత్రం బజారు, ఈ వరుస మార్చకండి. ముందు నేత చూస్తే తర్వాత దుకాణంలో ఏం అడగాలో తెలుస్తుంది.

దారి అడగడానికి రెండు ఊళ్లలోనూ తెలుగు సరిపోతుంది గానీ బోర్డులు ఒడియాలో ఉంటాయి. నాలుగు మాటలు వస్తే సుఖం. ఛక అంటే కూడలి, సాహి అంటే వీధి, పొఖరి అంటే చెరువు, డాహాణ కుడి, బాఁ ఎడమ, సిధా అంటే తిన్నగా. "ఖల్లికోట కాలేజ్ కేఉఁఠి?" అంటే ఖల్లికోట కళాశాల ఎక్కడ అని. "దగ్గరే" అని ఎవరైనా చెబితే ఎన్ని ఛకలు దాటాలో అడగండి. దూరం ఎవరి లెక్క వాళ్లది, కూడళ్ల లెక్క మాత్రం తప్పదు.

చేరడం, రెండూ కలపడం

బరంపురం హౌరా–చెన్నై మార్గంలో ఉంది. ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్ లాంటి బండ్లు ఆగుతాయి. ఇచ్ఛాపురం నుంచి పాతిక కిలోమీటర్లే కాబట్టి అటువైపు వాళ్లకు బస్సే నయం. పర్లాకిమిడికి నౌపడ నుంచి గుణుపూర్ శాఖ. రాజావారు వేయించిన సన్న పట్టాల దారి 1900లో మొదలైంది, 1931 నాటికి గుణుపూర్ చేరింది, 2011లో పెద్ద పట్టాలతో మళ్లీ తెరుచుకుంది. ఈ శాఖలో బండ్లు తక్కువ. వెళ్లే బండి కంటే ముందు తిరుగు బండి వేళ చూసుకుని దాని ప్రకారం రోజు కట్టుకోండి. తప్పిపోతే బస్సులున్నాయి, శ్రీకాకుళం, టెక్కలి వైపు పాతపట్నం మీదుగా. అయితే చీకటి పడ్డాక వాటి సంఖ్య తగ్గుతుంది.

రెండు రోజులుంటే మొదట పర్లాకిమిడి, తర్వాత బరంపురం. పూరి–గుణుపూర్ బండి రెండు ఊళ్లనూ కలుపుతుంది, కానీ నౌపడ మీదుగా చుట్టు తిరిగొస్తుంది. బస్సుకైతే సగం పూట పోతుందనుకోండి. మొదటి రోజు సాయంత్రమే బయల్దేరి రాత్రి బరంపురంలో, పాత బస్టాండుకు దగ్గరలో ఉండే చోట దిగితే, తెల్లవారి ఆరున్నరకు నడుచుకుంటూ మగ్గాల వీధులకు బయల్దేరొచ్చు. ఈ వరుసకు ఇంకో కారణం బరువు. బరంపురంలో కొన్నవన్నీ మోసుకుంటూ పర్లాకిమిడి నడవలేరు. కొమ్ము బొమ్మల డబ్బా సంచి మధ్యలో, పట్టు దాని పక్కన, ఊరగాయ విడిగా వేరే సంచిలో, అప్పడాల కట్ట అన్నిటికంటే పైన పెట్టుకోండి.